బూట్లతో లోపలికి

ఈ కయానీ ఊళ్ళో గడప దాటి
బూట్లతో లోపలికి పోయేది మేమే.
పాస్టరు విప్పుతాడు. గొట్టాలు బాగుచేసేవాడు విప్పుతాడు.
ఓట్లడగడానికొచ్చిన పెద్దమనిషి కూడా
కొంగలా ఒంటికాలి మీద ఊగుతూ
లేసులు లాక్కుంటాడు.
మాకు వంగే టైముండదు.
ఒక చేతిలో ఆక్సిజన్, ఇంకో చేతిలో పెట్టె,
కిందంతా అంబులెన్సు బూట్లు.

నవంబరు నుంచి జారుడు రోడ్ల మీద కంకర చల్లుతారు.
అది మంచుతో కలిసి అరికాలి గాళ్ళలో దూరుతుంది,
ఎవరి హాల్లోనో వెచ్చబడి
ఒక్కో రాయీ టిక్కుమని రాలుతుంది.
నిద్రలో కూడా పోల్చుకోగలను ఆ చప్పుడు.

ఒకసారి తుంటి విరిగి పడున్న ముసలాయన
మా మొహాలు చూడలేదు, కాళ్ళు చూసి
"బూట్లు!" అని కేకేశాడు.
అప్పటిదాకా నొప్పికి మూలగనైనా లేదట.
ఇంకో ఇంట్లో నాలుగేళ్ళ పిల్ల
మాస్కు పెట్టుకున్న తల్లి చెవిలో అడిగింది:
"వీళ్ళకి వాళ్ళమ్మ చెప్పలేదా?"

చెప్పింది పాపా.
వీపు మీద చరిచి మరీ చెప్పింది.

తువోవి గారింటికి వెళ్ళింది ఫిబ్రవరిలో,
తెల్లారడానికింకా చాలా ఉంది.
తలుపు బార్లా తీసి నిలబడింది, నైటీలో, వట్టికాళ్ళతో.
చూపు ఒక్కసారి మా కాళ్ళ మీదికి జారింది,
వెంటనే సిగ్గుపడ్డట్టు పైకి లేచింది.
హాల్లో గుడ్డపేలికలతో నేసిన చాప, నీలం, పసుపు.
దాని మీదుగా నడిచాం.
ఇంకెలా నడుస్తాం.

వెయిక్కో వంటింట్లో, పొయ్యికీ బల్లకీ మధ్య.
కాళ్ళకి ఉన్ని మేజోళ్ళు,
ఒక మడమ మాత్రం ఎర్రదారంతో అల్లి అతికినది.
యార్కో గుండె నొక్కుతున్నాడు, నేను లెక్కపెడుతున్నాను.
నా మోకాలి కింద గులకరాయి గుచ్చుకుంటోంది,
తీసే వీల్లేదు.
నలభై నిమిషాలు.
ఆ తర్వాత యార్కో గడియారం చూసి
టైము పైకే చెప్పాడు.

ఆమె కాఫీ పెట్టింది.
మాకోసమో, అలవాటు కోసమో.
యార్కో వెళ్ళి బండి దగ్గర ఫోను మాట్లాడుతున్నాడు.
నేనప్పుడు హాల్లోకి వచ్చి
చిన్న బెంచీ మీద కూచుని
బూట్లు విప్పాను.
అంతా అయిపోయాక, ఏ పనికీ రాని మర్యాద.
గోడవారగా, వెయిక్కో బూట్ల పక్కన పెట్టాను.
ఆయన బూట్లలో ముడిచిన న్యూసుపేపరు,
తడి పీల్చుకోవడానికి, నిన్నటిది.

నా మేజోడుకి చిల్లు. బొటనవేలు బయటికి చూస్తోంది.
తువోవి దాన్ని చూసి,
"పన్నెండు గంటలూ ఇట్లాగే తిరుగుతావా?" అంది.
అంతే అంది. కొత్త జతేదీ తెచ్చివ్వలేదు,
కాఫీలోకి చక్కెర మటుకు జరిపింది.

నేల మీద కంకర, కరిగిన మంచు మడుగులు,
తలుపు నుంచి వంటింటి దాకా
రానుపోను బురద అచ్చులు.
చీపురు కోసం చుట్టూ చూశాను.
"ఉండనీ," అంది.
"అమ్మాయి ఔలు నుంచి మధ్యాహ్నం బండికి వస్తుంది.
ఎంతమంది పరిగెత్తుకొచ్చారో చూడాలి అది.
దానికి నోటితో చెబితే నమ్మకం కుదరదు."
అని, ఆ అచ్చుల పక్కనుంచి
ఒక్కటి కూడా తొక్కకుండా
వట్టికాళ్ళతో నడిచి
కప్పులు సింకులో పెట్టింది.

స్టేషన్లో గొట్టం కింద బూట్లు కడుగుతుంటే
గాడిలో ఇరుక్కుని పసుపురంగు పేలికపోగు.
పుల్లతో తీశాను.
ఇది ఎవరికి తిరిగిచ్చే వస్తువు?
చొక్కాజేబులో పెన్ను పక్కన పెట్టుకున్నాను.
అప్పటికే ఇంకో కాల్ వచ్చింది,
ఎనిమిదో అంతస్తు, లిఫ్టు పనిచెయ్యదు.
లేసులు తడితడిగానే బిగించాను.