చలువ

ఎస్ట్రెమోజ్‌లో వాకిళ్లకి కూడా చలువరాయే.
గొప్పకి కాదు,
ఊరి కింద ఉన్నది అదే.
గొడ్ల తొట్టి చలువరాయి, బట్టలుతికే బండ చలువరాయి,
మురిక్కాలవ మీద మూత కూడా.

దెయోలిండా గారి పెరటి తలుపు తీసేసరికి
నాకసలు రాయే కనపడలేదు.
నల్లటి నాచు, పావురాల రెట్ట,
పుల్లనారింజ చెట్టు ఏళ్ల తరబడి రాల్చిన పళ్లు
కుళ్లి మిగిల్చిన గుండ్రాలు.
"దీని కింద గులాబీ రంగుండేది" అందావిడ,
పోయిన మనిషి ఒంటిఛాయ చెప్పినట్టు.

తీగ బ్రష్షు నేను తేలేదు.
ఆమ్లం సీసా సంచిలోనే ఉండదు.
"నిమ్మచెక్కతో రుద్దేదాన్ని, తెల్లగా నురగొచ్చేది" అంటే
చెప్పక తప్పలేదు:
"ఆ నురగ మురికిది కాదమ్మా, రాయిది."
కాసేపు తన చేతులకేసి చూసుకుంది.

మొదటి రోజంతా నీళ్లు, ఉత్త నీళ్లు, నారబ్రష్షు.
రెండో రోజు సబ్బు, పులుపూ క్షారమూ లేనిది.
ఆపైన అతుకుల్లో గడ్డి, వేళ్లతో సహా,
పుల్ల పెట్టి, పళ్ల సందున ఇరుక్కున్నది తీసినట్టు.
సాయంత్రానికి ఒక మూల తేలింది.
గులాబీయే.
అందులో ఒక బూడిదరంగు నరం,
మోచేతి లోపలివైపు కనపడేలాంటిది.

అప్పుడే బయటపడ్డాయి
చెట్టు నీడ పడే చోట నాలుగు తుప్పు మచ్చలు.
ఇనప కుర్చీ. ఎవరిదని అడగలేదు,
ఊళ్లో ఎర్మీనియోని ఎరగనిదెవరు?
"ఇవి ఉంచేయనా, గుర్తుగా?"
ఇలాంటి చోట మేం గొంతు తగ్గించి అడుగుతాం.
చాలామంది ఉంచమనే అంటారు, కళ్లు తుడుచుకుని.

"ముందు అవే తియ్యి" అంది.
"ముప్ఫై ఏళ్లు ఆ కుర్చీ చుట్టూ
మోకాళ్ల మీద తిరిగి కడిగాను.
కాళ్లు కాస్త ఎత్తవయ్యా అంటే
పేపరు తిప్పేవాడు."

తెల్లమట్టి, కాగితం గుజ్జు, మందు కలిపి
నాలుగింటికీ పట్టీ వేశాను,
జ్వరం వచ్చిన నుదుటి మీద తడిగుడ్డలా.
రెండు రోజులకి ఎండి, బీటలిచ్చి,
కాషాయం తాగి లేచొచ్చాయి.
మూడు మచ్చలు పోయాయి.
నాలుగోది, ఆయన బరువంతా వాల్చే వైపుది,
మళ్లీ వేశాను. మళ్లీ.
లేత టీ రంగు దగ్గర భీష్మించుకుంది.
"ఇంతకన్నా లాగితే రాయి గుల్లవుతుంది" అన్నాను.
"మొండివాడే" అంది. నవ్విందో ఏమో,
నేను వంగి ఉన్నాను, చూడలేదు.

అద్దంలా మెరిపించమంది. వద్దన్నాను,
ఆరుబయట ఆ మెరుపుకి తొలివానకే కాలు జారుతుంది.
సానరాయి నాలుగొందల నంబరు దగ్గర ఆపాను,
చలువ చేసిన దుప్పటికి ఉండేపాటి మెరుపు,
కంటికంటే అరిచేతికి బాగా తెలిసేది.

ఆఖరి రోజు తడిగుడ్డ పట్టుకుని
గోడ వైపు నుంచి తుడుచుకుంటూ వస్తున్నాను.
ఆవిడ నడిమధ్యన గడ్డిస్టూలు వేసుక్కూర్చుంది,
చెప్పుల్లేకుండా,
పాదాలతో రాతి చల్లదనం చూసుకుంటూ.
నేను దగ్గరికి రాకముందే,
అడగకముందే,
రెండు కాళ్లూ గాల్లోకి ఎత్తింది.
తుడిచి, ఆరేదాకా చూసి, నేను వెనక్కి జరిగే వరకూ
అలాగే ఎత్తి పట్టుకుని ఉంది.