తరుగు

"ఎక్కమ్మా" అంది నర్సు,
గాజు కాటా తెచ్చి నేల మీద పెట్టి.
నేను నా పాదాల వైపు చూశాను.
ఆవిడా చూసింది.
చీటీలో బరువు అన్న చోట
చిన్న అడ్డగీత గీసి ఊరుకుంది.
దాని కిందే డాక్టరు రాత:
బరువు తగ్గాలి.
ఎంత నుంచి ఎంతకో ఎవరూ రాయలేదు.

నెల్లిమర్లలో కూర్చున్న మనిషిని తూచే చోటు లేదు గానీ
మూటల్ని తూచే చోట్లకి కొదవేముంది?
మా అన్న పారినాయుడు
నన్ను గోగునార గొడౌనుకి తీసుకుపోయాడు.
నేలకి సమంగా ఇనప పలక.
చక్రాలు టక్కున ఎక్కాయి.
"తొంబయ్యేడు" అన్నాడు కలాసీ సూర్నాణ.
నన్ను నార కట్ట మీద కూర్చోబెట్టి
ఖాళీ కుర్చీని మళ్ళీ ఎక్కించాడు.
పద్దెనిమిది.
"తరుగు తీసేత్తే డెబ్బై తొమ్మిదప్పా."
నారలో తడికి తీస్తారు తరుగు.
నాలో కుర్చీకి.

తొమ్మిదేళ్ళుగా మంచం మీంచి కుర్చీకి,
కుర్చీలోంచి మంచానికి
నన్ను ఎత్తేది మా వదిన ముత్తేలు.
నడుముకి తువ్వాలు బిగించి
"ఒకటీ... రెండూ..." అంటుంది.
మూడు అనదు.
మూడు దగ్గర ఆమెకి ఊపిరి ఆడదు.
ఈ మధ్య రెండు తర్వాత
చిన్న మూలుగు వినిపిస్తోంది.
నాది కాదు.

చీరలకి ఫాల్, రవికలకి హుక్కులు,
రోజంతా నా వేళ్ళే నడుస్తాయి.
వేళ్ళు నడిస్తే ఎంత అరుగుతుంది?
"పాపం, తినడం తప్ప దానికేటుంది సుకం"
అంటూ వీధిలో వాళ్ళు తెచ్చే బూరెలు,
జంతికలు, మామిడి తాండ్ర ముక్కలు.
కాదంటే చిన్నబుచ్చుకుంటారు.
తొమ్మిదేళ్ళ జాలి
నూనెలో వేగి
నా నడుం చుట్టూ పేరుకుని ఉంది.

మిల్లు కూత కూయకముందే లేస్తున్నాను ఇప్పుడు.
కిటికీ ఊచకి పాత సైకిల్ ట్యూబు కట్టి
లాగడం, వదలడం.
చంపావతి ఇసక నింపిన రెండు సీసాలు
తల మీదికి, భుజాల మీదికి.
కుర్చీ చేతుల మీద అరచేతులు ఆన్చి
నన్ను నేనే పైకి లేపుకుని
పది అంకెలు గాల్లో ఉండడం.
తర్వాత గ్లాసుడు చోడంబలి, ఒక ఉల్లిపాయ.
సాయంత్రం వంతెన ఎక్కే వాలు.
అడక్కుండా వెనక నుంచి తోసేస్తారు మంచివాళ్ళు.
"వొద్దు బాబూ, ఒగ్గీ" అని అరిచేసరికే
సగం ఆయాసం వచ్చేది.
ఇప్పుడు ఆటోవాళ్ళు నేర్చుకున్నారు:
పక్కకి తప్పుకుని
హారన్ మాత్రం కొడతారు.
అరచేతులు పగిలాయి. కుడి భుజం
రాత్రుళ్ళు నాతో పోట్లాడుతుంది.

రెండో నెల కాటా తొంబై నాలుగంది.
"మూడు కేజీలే!" అని అన్న
మిఠాయి తెస్తానని బయల్దేరాడు.
వదిన వంగి చూసింది:
"కాలి రేకులు వెల్డింగు సాపులో ఉన్నాయి కదేటి?"
సూర్నాణ నవ్వాపుకోలేక
లెక్కల పుస్తకంలో కొట్టేసి మళ్ళీ రాశాడు.
రేకులకి రెండున్నర పోగా
నాది అరకేజీ.
అరకేజీ అంటే ఎంతుంటుందో చూపించమన్నాను.
కాటా గూట్లోంచి ఒక ఇనపరాయి తీసి
నా అరచేతిలో పెట్టాడు.
చల్లగా, బాగానే బరువుగా ఉంది.

నిన్న రాత్రి కరెంటు లేదు.
వదిన గోడ వైపు తిరిగి నిద్రపోతోంది.
కొవ్వొత్తి మైనం రాసి నున్నగా చేసుకున్న వేపచెక్క
కుర్చీకీ మంచానికీ మధ్య వేశాను.
బ్రేకులు రెండుసార్లు తడిమి చూసుకున్నాను.
మొదటిసారి చెక్క జారింది.
రెండోసారి నేనే భయపడి ఆగాను.
ఒకటీ.
రెండూ.
మూడు, అన్నాను, పైకే.

"ఎవులది?" అంది వదిన చీకట్లోంచి.
"ఎవులూ కాదు.
పడుకో."