ఆరో నంబరు

పేపర్ మిల్స్ రోడ్డులో చెప్పుల షాపు.
బడులు తెరిచేదాకానే నాకు ఉద్యోగం.
తమిళం వచ్చా అన్నాడు ఓనరు ధనపాల్.
వచ్చు, అంది అత్త,
నా బదులు.

నిజానికి తొమ్మిది రోజులు పట్టింది,
అదీ ఐదు నుంచి పది దాకే.
అంజు, ఆరు, ఏళు, ఎట్టు, ఒంబదు, పత్తు.
పదకొండో నంబరు కాళ్లవాళ్లెవరైనా వస్తే
సెల్వి అక్కని కేకేస్తాను.

"ఆరొక్కటీ నువ్వు నేర్చుకోనక్కర్లేదు"
అంది సెల్వి అక్క, నిచ్చెన మీంచి డబ్బాలు అందిస్తూ.
"మాకు ఆరంటే నది కూడా."
మాకు ఆరడమంటే ఎండిపోవడమని
చెప్పడానికి నా తమిళం చాల్లేదు.
తీగ మీద తువ్వాలు చూపించి చెబుదామంటే
షాపులో తీగ లేదు.

తువ్వాలంటే గుర్తొచ్చింది.
పెరంబూరులో అత్తవాళ్లది రెండో అంతస్తు, ఒకటిన్నర గది.
ఆ సగంలో నేను.
నా తువ్వాలు ఎక్కడుండాలో
మొదటివారం ఎవరికీ తెలీలేదు.
కిటికీ ఊచకి, తలుపు మీద,
ఒకరోజు ఫ్రిజ్ హ్యాండిల్‌కి.
సోమవారం ఇంటికొచ్చేసరికి
గోడకి కొత్త మేకు.
ఎవరూ ఏమీ అనలేదు.
మామ బొటనవేలికి ప్లాస్టరు.

టీవీ ఆగాకే చాప పరుస్తాను,
మామ మొదటి షిఫ్టుకి లేచేలోపు చుట్టేస్తాను.
చుట్టేశాక కూడా గచ్చు మీద కాసేపు
నా వీపంత చెమట తడి.
హేమ పళ్లు తోముకుంటూ
దాన్ని దాటదు,
మనిషి పడుకున్నట్టే చుట్టూ తిరిగి వెళ్తుంది.

అమ్మ ఫోన్లో అడుగుతుంది,
కడుపునిండా తింటున్నావా అని.
అత్త అక్కడే ఉల్లిపాయలు తరుగుతుంటుంది.
నేననే "ఊఁ"
అమ్మకి సరిపోవాలి,
అత్తకి గుచ్చుకోకూడదు.
ఆ ఒక్క అక్షరం మీద
షాపు పనికన్నా ఎక్కువ కష్టపడ్డాను.

కత్తిరి ఎండలో రోజుకి నూట ఇరవై పాదాలు.
మోకాళ్ల మీద కూచుని
కొలతపలకకి మడమ ఆనిస్తే
పిల్లలు వేళ్లు ముడుచుకుంటారు.
తల్లులు బూటు కొసన నొక్కి చూసి
ఒక సైజు పెద్దదివ్వమంటారు, రెండేళ్లు రావాలట.
ముందు కాగితం కుక్కి ఇస్తాను.
ఒక పిల్ల అడిగింది,
ఈ కాగితం తీసేసే రోజుకి
నేను పెద్దదాన్నయిపోతానా అని.
అడిగింది అర్థమైంది.
జవాబుకి మాటల్లేక
"ఎట్టు" అన్నాను.
సంతోషంగా తలూపింది.

మొన్న జీతం కవరిచ్చారు.
ఇంకా పదకొండు రోజులుంది పని.
ఆ అంకె నాకింకా తమిళంలో రాదు.
గ్యాసుకని అత్త చేతిలో డబ్బు పెడితే
నా బ్యాగులోకే తిరిగొచ్చింది, రెండుసార్లు.
అందుకని స్టాఫ్ రేటుకి చెప్పులు తీసుకుందామని
అత్తని కుర్చీలో కూర్చోబెట్టాను, స్కేలుతో.
కాలివ్వదు.
"పొద్దంతా పట్టుకున్నవి చాలవుటే?"
పట్టుకున్నాను.
మడమ పగుళ్లలో ముగ్గుపిండి.

ఆరు.

మళ్లీ కొలిచాను. ఆరే.
గుమ్మం పక్కనున్నవి ఏడు.
"పెళ్లయిన కొత్తలో మీ మామ తెచ్చాడే.
వదులంటే చిన్నబుచ్చుకుంటాడని
బాగున్నాయన్నా.
అప్పట్నుంచీ ఎవరడిగినా ఏడే చెప్తున్నా."
ఇరవై రెండేళ్లు
వేళ్లతో పట్టి బిగించి
ఈ ఊరంతా నడిచిందన్నమాట.

రాత్రి కొత్తవి తెచ్చి పెట్టాను.
చూసింది, డబ్బా మూసింది.
ఇంత ఖరీదువి నాకెందుకంది.

ఇవాళ తెల్లవారుజామున
కింద నీళ్ల లారీ హారన్.
చాప మీంచి కళ్లు తెరవకుండా విన్నాను,
రెండు బిందెలు ఒకదానికొకటి తగలడం,
గొళ్లెం తీయడం.
తర్వాత రోజూ వినపడే టపటప లేదు.
లేచి వెళ్లి వంగి చూశాను.
అత్త మెట్లు దిగుతోంది గబగబా,
ఎడమకాలి చెప్పు అడుగున
నేను పీకడం మర్చిపోయిన ధర చీటీ
మెట్టు మెట్టుకీ కొంచెం అంటుకుంటూ,
ఊడుతూ.