ఐదో ప్రశ్న

ఐదో ప్రశ్న, పది మార్కులు:
మీ సంస్థ నిర్మాణ పటమును గీయుము.
అందులో నాయకత్వమెక్కడున్నదో గుర్తించుము.

ఘలాలో రాత్రి పదకొండు.
లాండ్రీ క్యాంపు, రెండో అంతస్తు, పై బెర్తు.
ఏసీ నీళ్లు బకెట్లో పడే చప్పుడు వింటూ
పెన్సిల్ చెక్కాను.
షర్టు మడతలో పెట్టే అట్టముక్క మీదే గీత మొదలు.

అన్నిటికన్నా పైన ఒక డబ్బా, యజమానికి.
ఆయన్ని ఒక్కసారే చూశాను.
తెల్లటి దిష్‌దాషా, అత్తరు,
వెళ్లిపోయాక కూడా కాసేపు అక్కడే ఉన్నాడు.
ఆ కింద కురియన్ సారు.
పక్కన జీతాల సుమైయా మేడం.
ఇంకా కింద సూపర్‌వైజర్, అంటే నేను,
ఎల్లేశం, పాస్‌పోర్టులో ఒక అక్షరం తప్పు.
నా కింద నలభై ముగ్గురు.
అన్ని డబ్బాలకు అట్ట చాలదని
పుస్తకంలో లాగే ఒకటే గీసి
లోపల 'కార్మికులు' అని రాశాను.

అక్కడ ఆగింది పెన్సిల్.
మొజిబుర్‌ని ఎక్కడ పెట్టను?

హోదా: మడతపెట్టువాడు.
జీతం: అందరికన్నా అడుగున.
కానీ ఏ సెలవు చీటీ అయినా
ఆయన చెవిన పడ్డాకే నా బల్ల మీదికొస్తుంది.

మొన్న ఈద్ వారం.
హోటళ్లు నిండిపోయి రోజుకు ఆరువేల దుప్పట్లు.
కురియన్ సారు స్టాప్‌వాచ్ తెచ్చి
గోడకు బోర్డు కొట్టించాడు:
ఎక్కువ మడతలు పెట్టినవాడికి పది రియాళ్లు.
మూడో అధ్యాయంలో దీన్ని ప్రేరణ అన్నారు.
రెండో రోజుకే
ఒకడి బండిలోవి ఇంకొకడు దాచాడు,
తడివి అడుగున కూరి లెక్క పెంచారు.
హోటళ్లు తిప్పి పంపిన మూటల్ని
మళ్లీ మేమే ఉతుక్కున్నాం.

ఆ వారమే టేక్ బహదూర్
రోలర్ వేడి కక్కే కొసన కూలబడ్డాడు.
అరగంట.
అరపూట కోత వేశాను.
సంతకం నాదే, గుండ్రంగా, శ్రద్ధగా.

మర్నాడు మొజిబుర్ ఏమీ అనలేదు.
తన టిఫిన్ డబ్బా తీసుకెళ్లి
ఆ వేడి కొసన పెట్టుకున్నాడు.
అంతే.
గంట గడిచాక ఇంకొకడు తన డబ్బా అటు జరిపాడు.
ఆ తర్వాత మరొకడు.
సాయంత్రానికల్లా వంతులు నడుస్తున్నాయి,
ఎవరూ రాయని పట్టీ ప్రకారం.
బోర్డు మీది అంకెలు మాత్రం అలాగే ఉండిపోయాయి
తుడిచేవాడు లేక.

మా నాయనమ్మకు అక్షరం ముక్క రాదు.
అరవై ఇళ్ల బట్టలు,
ఇంటికో గుర్తు, నల్లజీడి చుక్కతో.
రేవులో నీడ లేని బండ ఎప్పుడూ ఆమెదే.
"ఉడుకుబండ పెద్దోళ్లకే బిడ్డా" అనేది.
చాదస్తం అనుకున్నాను.
ఆ రేవు దాటి రావడానికే కదా
ఇంత చదువు.

కాగితం మీద లేని సంబంధాలకు
చుక్కల గీతలు వాడమంది పుస్తకం.
మొజిబుర్ దగ్గర్నుంచి వేస్తూ పోయాను.
వంటవాడికి, డ్రైవర్‌కి, గేటు దగ్గర సెక్యూరిటీకి,
ఒకటి సుమైయా మేడం దాకా కూడా.
అట్ట నిండా ఇసుక రాలినట్టయింది.
వెతికితే నా డబ్బాకే
ఒక్క చుక్కా తగల్లేదు.

ఆ అట్టను దిండు కింద దోపి
ఇంకోటి తీసుకుని నీటుగా గీశాను.
పై నుంచి కిందికి బాణాలు,
'భాగస్వామ్య శైలి' అని నాలుగు వాక్యాలు.
పది మార్కులు మరి.
ఫీజు నూట ఇరవై రియాళ్లు.

అరపూట తిరిగివ్వమని మేడంకి మెయిల్ పెట్టాను.
ఈ నెల లెక్క మూసేశాం, అని జవాబు.

ఇవాళ పొద్దున కింగ్‌సైజు దుప్పటి వచ్చింది.
ఒక్కడి చేతులకు అందేది కాదు.
ఆ కొసన టేక్ బహదూర్,
ఈ కొసన, ఎవరూ పిలవకుండానే, నేను.
అతను రెండడుగులు వేశాడు.
నేనూ రెండు వేశాను.
మధ్యలో వేళ్లు తగిలాయి.
నా కొసలు అతని చేతిలో పెట్టి
కింది మడత అందుకోవడానికి
వంగాను.