కలరా ఉండ

తుపాను పోయి నాలుగో రోజు.
శ్రీకాకుళంలో కరెంటు లేదు, కొళాయి లేదు.
కాలేజీ గోడ మీద
ఎవరిదో తెలియని రేకు ఒకటి వాలి ఉంది.
సెలవు ఇచ్చేశారు గాని
కుప్పిలి నీలవేణి వచ్చింది పొందూరు నుంచి,
సగం ఆటోలో, సగం కూలిన చెట్లు దాటుకుంటూ.

"ప్రయోగం ఇవాళ అన్నారు గదండి."
అన్నాను. గాలి లేవక ముందు అన్నాను.

ఆ పిల్ల ప్రశ్న పాతది:
వాళ్ళమ్మ ఖాదీ మడతల్లో పెట్టిన కలరా ఉండ
ఆర్నెల్లకి శనగగింజంత అయింది.
బట్ట తడవలేదు, మరక పడలేదు, చీమా ఎత్తుకుపోలేదు,
మరి ఏ దారిన పోయింది?
కరగకుండానే ఆవిరైందన్నాను.
"ఎంత?" అంది.
ఆ ఒక్క మాటకే ఈ సరంజామా.

ఎలక్ట్రానిక్ కాటా చచ్చినట్టు పడి ఉంది.
తవిటయ్య అటక మీంచి పాత త్రాసు దించి
గాజు తలుపులు పంచె కొంగుతో తుడిచాడు.
వెంట్రుకంత తీగముక్కని దూలం మీద జరపాలి,
నా చెయ్యి వణికింది.
నీలవేణి చెయ్యి వణకలేదు.
వాళ్ళ నాయనమ్మ వాలుగ చేప దవడతో
పత్తి దువ్వే మనిషి,
ఊపిరి తగిలితే తెగే నూలు తీసే ఇల్లు.

ఉండని నూరి వంపు గొట్టంలో పోశాం.
చేపలవాళ్ళ థర్మోకోల్ పెట్టె నిండా నీళ్ళు,
నీళ్ళలో గొట్టం, పక్కన ఉష్ణమాపకం: ఇరవై తొమ్మిది.
ఈ చివర తేమ పీల్చే సున్నపు ఉప్పు,
ఆ చివర పది లీటర్ల సీసా, కింద బకెట్టు.
సీసాలోంచి ఎంత నీరు దిగితే
అంత గాలి పొడి మీదుగా లోపలికి రావాలి,
మోయగలిగినంత మోసుకుని రావాలి.
తొందర పెడితే ఖాళీ చేతులతో వచ్చేస్తుంది,
అందుకే సన్నధార.

"ఏటమ్మా," అన్నాడు తవిటయ్య,
"టేంకరు కాడ రెండు గంటలు నిలబడి తెచ్చిన నీరు.
గాలిని కొలడానికి ఒలకబోత్తన్నారా?"
నా దగ్గర జవాబు లేదు.
బకెట్టు మీద మూత వేశాను, దుమ్ము పడకుండా.

మూడు గంటలు.
నీటి చప్పుడు తప్ప ఊళ్ళో మోటారు చప్పుడు లేదు.
నీలవేణి పెట్టెలోని నీరు కలుపుతూ కూర్చుంది,
ఒక్క డిగ్రీ కదిలినా కసురుకుంటూ.
నేను బోర్డు మీద లెక్క మొదలుపెట్టి
పెద్ద అక్షరాలతో రాశాను: పాక్షిక పీడనం.
తవిటయ్య కూడబలుక్కుని చదివాడు.
"మా ఇంటికీ ఇదే రాసేరు."
నిన్న వచ్చారట, కాగితాలు పట్టుకుని.
పెంకులన్నీ పోయాయి, దూలం విరిగింది,
గోడలు నిలబడ్డాయి గనక
నష్టం: పాక్షికం.
"ఏ తక్కెట్లో తూసేరో" అని
గొట్టం వైపే చూస్తూ ఉండిపోయాడు.

సుద్దముక్క నా చేతిలోనే ఉంది.
అది వేరే మాట, దీనర్థం వేరు అని చెప్పబోయి
చెప్పలేదు.

మళ్ళీ తూచాం. గొట్టం తుడిచి, ఆరనిచ్చి,
కిటికీలు మూసి, ముగ్గురం ఊపిరి బిగబట్టి.
ముల్లు అటూ ఇటూ ఊగి ఊగి ఒకచోట ఒప్పుకుంది.
ఎనిమిది మిల్లీగ్రాములు తక్కువ.
పాత జవాబుపత్రం వెనక గుణించింది నీలవేణి:
పదిహేను పాస్కళ్ళు, పైన కొంచెం.
పుస్తకం పదహారు అంటుంది.
"దిద్దమంటారా?"
వద్దు. బిరడా దగ్గర కారిందేమో,
గాలి కొంచెం తొందరపడిందేమో,
పదిహేనే రాయి, ఎందుకు తగ్గిందో కింద రాయి.
మన నెత్తిన మోస్తున్న గాలి లక్ష.
అందులో పదిహేను.
అంత చిన్న తోపుడుకే
బీరువా తీయగానే ముక్కు పట్టేస్తుంది.

తవిటయ్య మూత తీసి బకెట్టు వాసన చూశాడు.
"కలరా ఉండ కంపు నేదు. తాగొచ్చా?"
తాగొద్దు అన్నాను.
"కాళ్ళు కడుక్కోడానికి?"
దానికి పరవాలేదు.
భుజాన బకెట్టు, మెట్ల మీద చెప్పుల చప్పుడు,
ఒక్క చుక్క ఒలకలేదు.

నీలవేణి మాత్రం ఇంకా త్రాసు ముందే ఉంది,
ఖాళీ పళ్ళేలు రెండూ
సమంగా ఆగేదాకా చూస్తూ.