పదకొండో పలక

మార్కాపురం బస్టాండు వెనక లాడ్జీ,
రెండో అంతస్తు, ఏడో నంబరు గది.
ఫ్యాను వేస్తే కాగితాలెగురుతాయి,
ఆపితే మేం ఉడుకుతాం.
అందుకని కాగితాలే మానేశాం.

రంతుల్లా మేనమామది పలకల ఫ్యాక్టరీ.
అంచు పగిలి అమ్ముడుపోనివి
గోతంలో వేసుకొచ్చి మంచం మీద దబ్బున పడేశాడు.
ఒక్కో పలకా ఒక్కో సీను.
నచ్చకపోతే తడిగుడ్డ.

మొదటి పలక మీద నేనే రాశాను:
నల్లమల. రాత్రి. వాన.
ఒకడు పరిగెత్తుతున్నాడు.
"ఎందుకు?" అన్నాడు మాలకొండయ్య.
డైరెక్టరు గదా,
ఎందుకని అడగడమే వాడి పని,
దానికి జీతం కూడా లేదు.

పులి తరుముతోందన్నాడు ఇజ్రాయేలు.
కెమెరా వాడిదే,
పులినెట్టా తీస్తాడో మాత్రం వాడికీ తెలీదు.
పులికి డబ్బుల్లేవని పులి పోయింది.
ఎలుగుబంటి వచ్చింది, దానికీ లేవు.
ఆఖరికి అరుపొక్కటి మిగిలింది.
అరుపు చవక,
రంతుల్లా గొంతు చాలు.

రెండో రోజు మధ్యాహ్నం, కరెంటు పోయినప్పుడు,
ఎవరన్నారో ఇప్పటికీ తగువే:
"పాడుబడ్డ పలకల గని.
అడుగున నీళ్లు. నీళ్ల కింద సొరంగం.
సొరంగం చివర పెట్టె."
నలుగురం ఒక్కసారి లేచి నిలబడ్డాం.
టీగ్లాసు ఒకటి దొర్లి మంచం కిందికి పోయింది,
దాన్ని తీసే తీరిక ఎవరికుంది!

సరే, పెట్టెలో ఏముంది?
అక్కడ పడింది పీటముడి.
బంగారం. తుడిచాం.
తాళపత్రాలు. తుడిచాం.
వజ్రమన్నప్పుడు ఇజ్రాయేలు నవ్విన నవ్వుకి
రాయకముందే తుడిచాం.
ఖాళీ పెట్టె అన్నాను నేను.
"జనం కుర్చీలు ఇరగ్గొడతారు, అయి మా నాయన హాల్లో కుర్చీలు"
అన్నాడు రంతుల్లా.
హీరో వాళ్ల నాయన రాసి, పోస్టు చేయని ఉత్తరం,
అని ఎవరో నెమ్మదిగా అన్నారు.
రాశాను.
మాలకొండయ్య బాత్రూంలోకి పోయి
చాలాసేపు రాలేదు.
అదీ తుడిచాం,
ఈసారి ఎందుకని ఎవరూ అడగలేదు.

మూడో రోజు పలకలైపోతే
ఇంకో గోతం నెత్తిన పెట్టుకుని గురవమ్మ వచ్చింది,
ఫ్యాక్టరీలో చట్రాలు బిగించే మనిషి.
గోతం దించి, మెడ విరుచుకుని,
గోడకి ఆనించిన పది సీన్లూ
వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది.
ఊపిరి బిగబట్టి కూచున్నాం,
మా సినిమాకి మొదటి ప్రేక్షకురాలు.

"మూడు దినాల్నించి అడివిలోనే ఉండాడు గదయ్యా,
ఈ పిలగాడు కూడెప్పుడు తిన్యాడు?"

వెతికాం.
దూకాడు, ఈదాడు, తాడు తెగింది,
రెండుచోట్ల పేలింది కూడా.
పది పలకల్లో ఎక్కడా
మెతుకు లేదు.

గురవమ్మ గుమ్మంలో ఆగింది.
"మా మామోళ్లు గన్లోకి దిగేటప్పుడు
ముందు సద్దిమూట దించేవోళ్లంట.
తాడు ఆగిద్దో లేదో దాంతోనే చూసేది.
మూట పోతే మూటే పోయింది,
మడిసి పైన ఉంటాడు గదా."
రెండు గోతాలకీ లెక్క రాసుకొమ్మని
రంతుల్లాకి చెప్పి మెట్లు దిగింది.

పదకొండో పలక:
తాడు చివర సద్దిమూట.
చీకట్లోకి దిగుతోంది.

"పైకి లాగారు," అన్నాడు ఇజ్రాయేలు, కళ్లు మూసుకుని.
"మూట లేదు."
"తెగిందా?"
"తెగలా."
మాలకొండయ్య సుద్దముక్క నా చేతిలోంచి లాక్కున్నాడు.
"ఎవరో ముడి విప్పారు,"
అని రాశాడు, అడ్డదిడ్డంగా, పలక అంచు దాటి చట్రం మీదికి.

గదిలో అందరం ఒకేసారి మాట్లాడుతున్నాం.
కింద ఎవరు? ఎన్నాళ్లనించి?
పచ్చిమిరపకాయ వదిలేసి ఉల్లిపాయ తిన్నారా?
పెట్టె మాట ఎవరికీ గుర్తులేదు.

రాత్రి పదింటికి
మేమూ తినలేదని తెలిసింది.
మెస్ మూసేస్తారని చెప్పులు వెతుక్కుంటుంటే
కిటికీ పక్కన ఉత్తరం పలక ఆరుతోంది.
తడి పోయేకొద్దీ
తుడిచిన అక్షరాలు తెల్లగా పైకి తేలుతున్నాయి.
మాలకొండయ్య చూశాడు.
దాన్ని గోడవైపుకి తిప్పిపెట్టి
లైటార్పి
తలుపు గడియ వేశాడు.