పారబోయని నీళ్ళు

ఈ వారం బజార్లో ఏ రంగు చెల్లుతోందో
పెకలోంగన్‌లో ఎవర్నీ అడగక్కర్లేదు.
వంతెన మీద నిలబడి ఏట్లోకి చూస్తే చాలు.
మంగళవారం వంకాయరంగు.
రంజాన్ నెల ఆఖర్లో
రోజుకో ఆకుపచ్చ.

నా పేరు కస్దూరి.
మైనంతో బొమ్మలు గీసిన గుడ్డల్ని
నలభై ఏళ్ళుగా తొట్లో ముంచి తీస్తున్నాను.
నా గోళ్ళ కింది నీలం
నాతోపాటే గోరీలోకి వస్తుంది.
దానికి పేరుంది మరి!
జకార్తా బేరగాళ్ళు
అరుగు మీద కూర్చుని టీ చల్లారబెట్టుకుంటూ
ఆ నీలమే కావాలని మొండికేసేవాళ్ళు.
తొట్టి అడుగున మిగిలింది
మా నాన్న ఏ కాలవలో పోశాడో
నేనూ అందులోనే పోశాను.
ఏటి మీద ఆశకి మేం ఎప్పుడో నీళ్ళొదిలేశాం.
అవీ రంగునీళ్ళే.

ఒక మధ్యాహ్నం నిస్వాతిన్ వచ్చింది,
టెంపె వేయించే కాసియా మనవరాలు,
సెమరాంగ్‌లో రసాయనాలు చదువుతోందట.
హెల్మెట్టయినా తియ్యలేదు.
"పాక్, తొట్టి కడిగిన నీళ్ళు రెండు లీటర్లిస్తారా?"
నవ్వొచ్చింది. నా మురిక్కి
ఇన్నాళ్ళకి ఒక బేరం తగిలింది.

వాళ్ళ పెరటి రేకుల షెడ్డులో
చిన్న సీసా నిండా నల్లపొడి,
లాంతరు చిమ్నీకి పట్టిన మసిలాగే ఉంది.
మసి పూసి మారేడుకాయ చేస్తావా తల్లీ, అన్నాను.
"మసికి చుట్టమే. కాకపోతే ఇవి గొట్టాలు పాక్,
కార్బన్ గొట్టాలు.
ఒక్క వెంట్రుక వెడల్పులో
వేలాదిగా సర్దుకుని పడుకుంటాయి.
చిటికెడు విప్పి పరిస్తే
ఈ షెడ్డు నేల చాలదు.
రంగు వచ్చి ఆ గోడలకి అతుక్కుంటుంది."

అతుక్కోవడం గురించి
ఈ పిల్ల నాకు చెబుతోంది.

కలిపింది, ఊపింది, వడకట్టింది.
గంట తర్వాత సీసా ఎత్తి పట్టుకుంటే
అవతల ఆమె ముక్కుపుల్ల కనిపించింది.
నా నీలం లేదు.
సంతోషించాలని తెలుసు. అయినా
ఎవరో నా సంతకం చెరిపినట్టు
గొంతులో ఏదో అడ్డం పడింది.
ఎక్కడికి పోయింది, అన్నాను.

ఆమె ఆ నల్లబురదని సోడానీళ్ళలో తిప్పింది.
సోడా! మా తొట్టి పక్కన మూటలు మూటలుగా ఉండేదే.
మెల్లగా, అంచుల్లోంచి,
అలిగి వెళ్ళిన మనిషి గుమ్మంలోకి తొంగి చూసినట్టు
నీలం.
నాదే. వెయ్యి నీలాల్లో గుర్తుపడతాను.

రెండు లీటర్లకి గంటయితే
ఏటికెంత, అనడిగాను.
ఆమె నీళ్ళు నమిలింది.
పొడి ఖరీదట. ఒక్క రేణువైనా జారకుండా
తిరిగి పట్టుకోవడం కష్టమట. జారితే
ఏమవుతుందో తనకింకా తెలీదట.
తెలీదన్నందుకే ఆ పిల్లని నమ్మాను.

ఆ నీలంలో నా చేతిరుమాలు ముంచి
ఇంటికి పట్టుకొచ్చాను.
ఒకసారి నీళ్ళపాలైన రంగుకి
మళ్ళీ గుడ్డ మీద పట్టు దొరకదు.
తెలిసే ముంచాను.
తార్మిని బేసిన్లో జాడించగానే
రుమాలు తెల్లబోయింది,
బేసిన్ నీలమైంది.
అలవాటుగా రెండు చేతులా బేసినెత్తి
కాలవ వైపు తిరిగింది.
మణికట్టు పట్టుకున్నాను.
పెళ్ళినాడు పట్టుకున్నట్టుంది కాబోలు,
ముసలాడికి మతిపోయిందా, అంది.

బేసిన్ పొట్టకి ఆనించుకుని వీధిలో నడిచాను.
చొక్కా తడిసింది.
రషీదు కొట్టు ముందు కుర్రాళ్ళు నవ్వారు.
నిస్వాతిన్ లేదు, బండీ లేదు.
మెట్టు మీద కూర్చున్నాను,
ఒళ్ళో నా నీళ్ళు.

కాలవగట్టు నుంచి ఒక బాతు
నడుం తిప్పుకుంటూ వచ్చి
బేసిన్లో మూతి పెట్టబోయింది.
హుష్, అన్నాను.

ఏట్లో ఉన్న బాతులతో
ఒక్కనాడూ అనలేదు ఆ మాట.